జైసల్మేరా, బికనీరా? ఎడారికి నాలుగు రోజులు దొరికితే ఏది మేలు

జైపూర్, ఉదయ్‌పూర్ చూసేసినవాళ్ళు రెండో విడతలో ఎడారి వైపు తిరుగుతారు. అక్కడ రెండు పేర్లు ఎదురవుతాయి: జైసల్మేర్, బికనీర్. రెండూ థార్ ఎడారిలోవే. రెండు చోట్లా కోట ఉంది, హవేలీలు, అంటే పాతకాలపు షావుకార్ల భవంతులు, ఉన్నాయి, పాత జైన గుళ్ళున్నాయి, ఒంటెలకైతే కొదవే లేదు. మధ్య దూరం సుమారు 330 కిలోమీటర్లు. సెలవులు తక్కువైతే ఒకటి వదులుకోక తప్పదు.

ముందే తేల్చి చెప్పేద్దాం. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు జైసల్మేరే మేలు, కానీ కోట లోపల బస మాత్రం వద్దు. వెంట మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళున్నా, వీధుల్లో తిరగడం కంటే మహళ్ళ లోపలి పనితనం మీద మీకు మోజున్నా బికనీర్‌కు టికెట్టు కొనండి. ఇసుక కోసమైతే ఈ రెంటి మధ్య అంత తర్జనభర్జన అక్కర్లేదు. అసలు తేడా కోటల్లో ఉంది.

కోటకు కోట

1156లో భాటీ వంశపు రావల్ జైసల్ తన రాజధానిని పదిహేను కిలోమీటర్ల అవతలున్న లోద్రవా నుంచి త్రికూట గుట్ట మీదికి మార్చాడు. గుట్ట ఎత్తు 76 మీటర్లే. మన గోల్కొండ ఎక్కినవాళ్ళకు ఇదో లెక్క కాదు. కానీ చుట్టూ నేలంతా బల్లపరుపు కాబట్టి 99 బురుజుల కోట చాలా దూరం నుంచే కనబడుతుంది. రాయి పసుపు, ఇసుక పసుపు, సాయంత్రపు ఎండ కూడా పసుపే. అందుకే ‘సోనార్ కిలా’, అంటే బంగారు కోట, అన్న పేరు నిలిచిపోయింది. 2013లో యునెస్కో రాజస్థాన్ గిరిదుర్గాలు ఆరింటిని ఒక్కటిగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు అందులో ఇదీ ఉంది.

జైసల్మేర్ చిన్న ఊరు. 2011 లెక్కల ప్రకారం జనాభా 65 వేల పైచిలుకు. అందులో దాదాపు మూడు వేలమంది ఈ రోజుకూ కోట లోపలే కాపురముంటున్నారు. అఖై పోల్, సూరజ్ పోల్, గణేశ్ పోల్, హవా పోల్ అని నాలుగు ద్వారాలు దాటి పైకి ఎక్కాలి. ద్వారానికీ ద్వారానికీ మధ్య దారి మలుపు తిరుగుతుంది. శత్రువుల ఏనుగులు నేరుగా దూసుకొచ్చి తలుపును గుద్దకుండా చేసిన ఏర్పాటు అది. చివరిదైన హవా పోల్ పేరుకు తగ్గట్టే గాలి ద్వారం. మధ్యాహ్నం ఎండలో కూడా దాని కింద గాలి ఆడుతుంది, అక్కడ కూర్చున్నవాళ్ళు ఓ పట్టాన లేవరు. అది దాటితే దసరా చౌక్. అక్కడి నుంచి అన్నీ సందులే: కిరాణా కొట్టు, దర్జీ, గుమ్మంలో ఆవు, పక్కనే గుడి, పైన ఆరేసిన బట్టలు. ఈ కోటలో మనం చూసేది రాజుగారి గదుల్ని కాదు, ఊరిని. రాజుగారి గదులూ ఉన్నాయి, మ్యూజియం చేశారు. అయితే అవి ఓ మోస్తరుగానే ఉంటాయని ముందే అనుకుని వెళ్తే నిరాశ ఉండదు.

బికనీర్ కథ దీనికి తిరగేసి ఉంటుంది. జోధ్‌పూర్ కట్టించిన రావ్ జోధా కొడుకు బీకా 1488లో వేసిన ఊరది. ఇప్పుడు ఆరు లక్షలు దాటిన నగరం. ఇక్కడి జునాగఢ్ కోటను రాజా రాయ్‌సింగ్ 1589 నుంచి 1594 వరకు కట్టించాడు. గుట్టా లేదు, కొండా లేదు. చదునైన నేల మీద కందకం తవ్వి, సుమారు కిలోమీటరు చుట్టుకొలత గోడకు 37 బురుజులు పెట్టి లేపాడు. లోపల ఎవరూ ఉండరు. టికెట్టు కొని వరసలో నడిచి చూసి వచ్చే కోట. బయటి నుంచి చూస్తే జైసల్మేర్ ముందు ఇది ఆనదు. కానీ లోపలికి అడుగు పెట్టాక లెక్క మారిపోతుంది.

కరణ్ మహల్, అనూప్ మహల్, ఫూల్ మహల్, చంద్ర మహల్, బాదల్ మహల్: ఒక్కో రాజూ తన వంతు గదులు చేర్చుకుంటూ పోయాడు. బాదల్ మహల్ గోడల నిండా నీలి మబ్బులు, వాన ధారలు. వానకు మొహం వాచిన ఊళ్ళో రాజు గోడల మీద కురిపించుకున్నాడన్నమాట. అనూప్ మహల్‌ను తొందరగా దాటేయకండి. ఎర్రటి గోడల మీద బంగారు తీగలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. ఇది ఉస్తా పనివాళ్ళ విద్య. ముద్ద లాంటి పూతను కుంచెతో పొర మీద పొర వేసి పువ్వును పైకి లేపుతారు, ఆరాక దాని మీద బంగారు రేకు అతికిస్తారు, చుట్టూ రంగు నింపుతారు. తంజావూరు బొమ్మల్లో కిరీటం ఎలా పైకి తేలి ఉంటుందో గుర్తు తెచ్చుకోండి; ఇక్కడ గది గదంతా అలాగే ఉంటుంది. ఎదురుగా నిలబడితే తెలియదు, గోడకు పక్కగా వచ్చి ఏటవాలుగా చూస్తే ఆ ఎత్తు తెలుస్తుంది.

ఆ మహల్‌కు పేరిచ్చిన అనూప్‌సింగ్‌కూ మన సీమకూ లంకె ఉంది. ఔరంగజేబు సైన్యంలో దక్కను యుద్ధాలు చేసిన మనిషి. 1689లో ఆదోని కోట మొగలుల చేతికి చిక్కినప్పుడు అక్కడి కత్తులూ కటార్లూ కొన్ని బికనీర్ ఆయుధశాలకు చేరాయి. వాటి మీద ‘ఆదోనిలో దొరికినవి’ అని గుర్తులు కూడా వేయించారు. వాటిలో కొన్ని ఇప్పుడు విదేశీ మ్యూజియాల్లో ఉన్నాయి. అనూప్‌సింగ్ 1698లో కన్నుమూసింది కూడా ఆదోనిలోనే. సంస్కృత తాళపత్రాలు, రాత ప్రతులు అంటే అతనికి మహా ఇష్టం. దక్కను నుంచి మోయించుకెళ్ళిన ప్రతులతో పెరిగిన గ్రంథాలయం బికనీర్‌లో అతని పేరుతోనే ఉంది. కర్నూలు వైపువాళ్ళు జునాగఢ్ ఆయుధాల గదిలో నిలబడినప్పుడు ఈ సంగతి మనసులో ఉంటే చూపు వేరుగా ఉంటుంది.

జునాగఢ్‌కు రెండు గంటలు చాలవు, మూడు పెట్టుకోండి. పొద్దున పదికి తెరుస్తారు; మొదటి గుంపుతోనే వెళ్ళడం మంచిది, ఇరుకు గదుల్లో జనం పెరిగితే గోడలు కనబడవు.

రాయి దగ్గర జైసల్మేరుదే పైచేయి

హవేలీలు రెండు ఊళ్ళలోనూ ఉన్నాయి. బికనీర్‌లో రాంపురియా హవేలీలు ఎర్ర ఇసుకరాతివి, దర్జాగా ఉంటాయి, సందులు కూడా కాస్త వెడల్పు. కానీ చాలావరకు బయటి నుంచి చూసి రావడమే.

జైసల్మేర్‌లో అలా కాదు. సింధ్, ముల్తాన్ వైపు పోయే ఒంటె బిడారుల దారి మీద ఉన్న ఊరిది. సుంకాలతో, వడ్డీలతో వ్యాపారులు పెరిగారు. ఆ డబ్బే రాయిగా మారింది. కర్ర దొరకని చోటు కాబట్టి మనం టేకుతో చేసే పనంతా వాళ్ళు రాతితో చేశారు: జాలీలు (చిల్లుల తెరలు), దూలాల చివర్లు, కిటికీ తొడుగులు. ఝరోఖా అనే ఆ ముందుకు పొడుచుకొచ్చిన కిటికీ దగ్గర ఒక్క నిమిషం ఆగి కీళ్ళు చూడండి. చాలాచోట్ల సున్నం కనబడదు. ఒక రాతిలో గాడి, ఇంకో రాతికి నాలుక; వడ్రంగి తలుపు బిగించినట్టు బిగించారు. అవసరమైన చోట ఇనుప పట్టీలు వేశారు. ఇబ్బంది వచ్చేది ఆ ఇనుముతోనే. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి రాతిని లోపలి నుంచి చీలుస్తుంది. మూల రాళ్ళ మీద సన్నటి నిలువు బీటలు కనబడితే చాలాసార్లు కారణం అదే.

పట్వా హవేలీలు ఒకటి కాదు, ఒకే వరసలో ఐదు. 1805లో గుమాన్‌చంద్ పట్వా మొదలుపెట్టించాడు, ఐదుగురు కొడుకులకు తలా ఒకటి. వాటిలో కొఠారీల హవేలీ ప్రైవేటు మ్యూజియం. సామాన్లు, అద్దాలు, వంటింటి పాత్రలతో నింపి ఉంటుంది. ప్రభుత్వ అధీనంలో ఉన్న భాగం ఖాళీగా ఉంటుంది. టికెట్లు వేర్వేరు. ఒక్కటే చూసే ఓపికుంటే, పిల్లలతో వెళ్ళినవాళ్ళు కొఠారీలది, చెక్కడం మీద ధ్యాస ఉన్నవాళ్ళు ఖాళీదాన్ని ఎంచుకోవాలి. సామాన్లు లేని గదిలోనే గోడ మాట్లాడుతుంది.

1885 నాటి నథ్‌మల్ హవేలీ చిన్నది. దీన్ని ఇద్దరు అన్నదమ్ములు చెరో సగం చెక్కారని చెబుతారు. ఎదురుగా నిలబడి కుడివైపు ఒక పువ్వును, ఎడమవైపు దాని జోడీని పోల్చి చూడండి, అచ్చుగుద్దినట్టు మాత్రం ఉండవు. ఈ ఆట పిల్లలకు అరగంట కాలక్షేపం. దివాను సాలింసింగ్ హవేలీ కింద సన్నగా, పైన నెమళ్ళ ఆకారపు ఆధారాల మీద వెడల్పుగా విచ్చుకుంటుంది. దాన్ని కోట పైనుంచి చూస్తేనే అందం.

జైన గుళ్ళ సంగతికొస్తే కూడా మొగ్గు ఇటే. కోట లోపల 12వ శతాబ్ది నుంచి 16వ శతాబ్ది దాకా కట్టిన ఏడు గుళ్ళు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. సంభవనాథుడి గుడి కింద తాటాకు ప్రతుల జ్ఞానభండారం. భక్తులు కానివాళ్ళను పొద్దున పూట, మధ్యాహ్నం దాకానే లోనికి రానిస్తారు. సాయంత్రం కోట చూద్దామని పెట్టుకుంటే గుళ్ళు మూసి ఉంటాయి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. తోలు బెల్టు, పర్సు బయట వదలాలి. బికనీర్‌లోని భాండాసర్ గుడి పునాదిలో నీళ్ళకు బదులు నెయ్యి పోశారని కథ చెబుతారు. ఎండాకాలం నేల జిడ్డుగా ఉంటుందని చూపిస్తారు కూడా. నమ్మకం మీ ఇష్టం, రంగుల పైకప్పు మాత్రం చూడదగ్గదే.

కోటలో గదా, కింద గదా

జైసల్మేర్ ఖాయమయ్యాక వచ్చే ప్రశ్న ఇది. ‘కోటలో రాత్రి బస’ అనే మాట వినసొంపుగానే ఉంటుంది. అయినా కింద గది తీసుకోమనే చెబుతాం, కారణం నీళ్ళు.

ఏడాదికి 20 సెంటీమీటర్ల వాన కూడా సరిగా పడని ఊరు. వెనకటి రోజుల్లో కోటలోని ఆడవాళ్ళు గడీసర్ చెరువు నుంచి బిందెలతో నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు. 14వ శతాబ్దిలో రావల్ గడ్సీ చేయించిన చెరువది. ఎత్తు మీదికి మోసుకొచ్చిన నీళ్ళను ఎవరూ పారబోయరు కదా. వాడినవే మళ్ళీ వాడేవాళ్ళు. మురుగుకు చిన్న గాడి చాలేది. కొళాయిలు వచ్చాయి, ఆ వెనకే స్నానాల గదులతో సహా లాడ్జీలు వచ్చాయి. వాడకం ఎన్నో రెట్లు పెరిగింది, గాడి మాత్రం అదే. పైపులు కారితే ఆ నీరు గుట్టలోకి దిగుతుంది. గుట్ట మొత్తం గట్టిరాయి కాదు. ఇసుకరాతి పొరల మధ్య బంకమట్టి లాంటి పొరలున్నాయి. అవి నాని ఉబ్బుతాయి, జారతాయి, పైనున్న గోడను బయటికి నెడతాయి. 1990లలో ప్రపంచ స్మారకాల నిధివాళ్ళు ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దీన్ని పెట్టింది ఇందుకే. ఆ తర్వాత మరమ్మతులు జరిగాయి, మురుగు కాలువలు మార్చారు. అయినా 2024 ఆగస్టు వానలకు గోడలో ఒక భాగం కూలింది.

కింద ఊళ్ళో, కోటకు ఎదురుగా మేడ మీది గది దొరికితే ఇంకో లాభం: కోట కనబడుతుంది. కోటలో ఉంటే కోట కనబడదు. గది అడిగేటప్పుడు ‘కోట కనిపిస్తుందా’ అని కాక ‘గదిలోంచా, మేడ మీద నుంచా’ అని అడగండి, రెండు మాటలకూ ధర తేడా ఉంటుంది. కోటవాళ్ళ కడుపు కొట్టడం ఎందుకనిపిస్తే పగలు అక్కడే తినండి, కొనండి.

సామ్ ఇసుకా, ఖూరీ ఇసుకా

పడమరగా 40 కిలోమీటర్ల దూరంలో సామ్. నైరుతి దిక్కున ఇంచుమించు అంతే దూరంలో ఖూరీ. సామ్‌లో దిబ్బలు పెద్దవి, ఫొటోల్లో చూసేవి అవే. డేరాల క్యాంపులు వరసగా ఉంటాయి, జీపులు దిబ్బల మీద గంతులేస్తుంటాయి, రాత్రి సౌండు బాక్సులు మోగుతాయి. ఖూరీలో దిబ్బలు చిన్నవి, పక్కనే ఊరు, గోల తక్కువ. పిల్లలకు సామ్ సరదా. ఎడారి జానపద గాయకులైన మాంగణియార్ల పాట, వాళ్ళు వాయించే కమైచా అనే వాద్యపు తీగల మోత చెవిన పడాలంటే ఖూరీయే నయం, స్పీకరు అడ్డం రాదు. ఒక్క సాయంత్రం ఇసుక చూసి రాత్రికి ఊళ్ళోకి వచ్చేసే పని అయితే బండివాడితో తిరుగు ప్రయాణం ముందే మాట్లాడుకోండి. చీకటి పడ్డాక బేరం మీ చేతిలో ఉండదు.

ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్ళు లేపుతుంది, కూర్చునేటప్పుడు మొదట ముందరి మోకాళ్ళు వంచుతుంది. రెండుసార్లూ మనిషి ముందుకే తూలతాడు. కాబట్టి రెండుసార్లూ వెనక్కే వాలాలి. జైసల్మేరీ ఒంటె సన్న కాళ్ళది, సవారీకి పేరు. బికనీరీ ఒంటె బండ దేహం, బరువుకూ బండికీ పేరు. ఒంటెల గురించి సరిగా తెలుసుకోవాలంటే మాత్రం బికనీర్ దగ్గరున్న జాతీయ ఒంటె పరిశోధన కేంద్రానికే వెళ్ళాలి. 1984 నుంచి ఉంది, అక్కడ ఒంటె పాల ఐస్‌క్రీమ్ కూడా అమ్ముతారు.

సామ్ దారిలో కుల్‌ధరా పాడు ఊరు తగులుతుంది. దెయ్యాల కథలతో దాన్ని అమ్ముతున్నారు, అసలు విశేషం వేరే ఉంది. అక్కడ బతికిన పాలీవాల్ బ్రాహ్మణులు ఖడీన్ సేద్యంలో ఆరితేరినవాళ్ళు. రాతి నేల మీద పడ్డ వాననంతా పల్లంలోకి మళ్ళించి మట్టికట్టతో ఆపుతారు. నీరు ఇంకాక ఆ తడి మీదే గోధుమ, శనగ వేస్తారు. మన చెరువు నీళ్ళు నిలిపి కట్ట కింది ఆయకట్టును తడుపుతుంది. ఖడీన్‌లో పంట కట్టకు లోపలే. చెరువు ఎండుతున్నకొద్దీ శిఖంలో వేసే సాగుకు ఇది దగ్గరి చుట్టం.

తిండికి బికనీరే

ఇందులో వాదం లేదు. బికనీరీ భుజియాకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన కారప్పూసలా ఉత్త శనగపిండి కాదు. మోఠ్ అనే ఎడారి పప్పు పిండి అందులో ముఖ్యం. కాగే నూనె మీద చిల్లుల గరిటె పెట్టి, ముద్దను అరచేత్తో రుద్దుతూ దింపుతారు. ఆ రోజు చేసింది కొట్టులో ఒక గింజ నోట్లో వేసుకుని చూసి కొనండి. పొట్లాల్లో దొరికేది ఇక్కడా దొరుకుతుంది, అంత దూరం నుంచి మోయక్కర్లేదు. జైసల్మేర్‌కు ఘోటువా లడ్డు ఉంది, బాగుంటుంది, అంతే.

కేర్ సాంగ్రి కూర రెండు ఊళ్ళలోనూ దొరుకుతుంది. కేర్ అంటే ఎడారి పొదకు కాసే చిన్న కాయలు, సాంగ్రి అంటే ఖేజ్రీ చెట్టు కాయలు. ఖేజ్రీ మరేదో కాదు, మనం దసరాకు మొక్కే జమ్మి. ఎండు కాయలు కొనేటప్పుడు సన్నగా ఉన్నవి ఏరుకోండి; లావువి ముదురు, లోపల గింజ పట్టి పీచుగా ఉంటాయి. వండే ముందు రాత్రంతా నానబెట్టి, ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి.

ఎప్పుడు, ఎలా

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు పది డిగ్రీల లోపుకు దిగుతుంది, డేరాల్లో పడుకునేవాళ్ళకు స్వెట్టరు ఒక్కటి చాలదు. మే, జూన్‌లలో 45 దాటుతుంది, దుమ్ము గాలులు లేస్తాయి. అప్పుడు తప్పనిసరైతే బికనీర్ నయం, నీడపట్టున చూసేవి ఎక్కువ. పెద్దవాళ్ళతో వెళ్ళినా అంతే. జైసల్మేర్ కోట దారి ఏటవాలు, శతాబ్దాల రాకపోకలకు రాళ్ళు నున్నబడి జారతాయి. రబ్బరు అడుగు చెప్పులు వేసుకోవాలి. దేశ్‌నోక్ కర్ణిమాత గుడి బికనీర్‌కు 30 కిలోమీటర్లు. వేల ఎలుకలు తిరిగే గచ్చు మీద చెప్పుల్లేకుండా నడవాలి. పారేయదగ్గ పాత మేజోళ్ళ జత వెంట ఉంచుకోండి.

హైదరాబాద్ వైపు నుంచి రైల్లో జోధ్‌పూర్ చేరి అక్కడి నుంచి ఏదో ఒకటి పట్టుకోవడం సులువు: బికనీర్ 250 కిలోమీటర్లు, జైసల్మేర్ 280. ఇంకో రెండు రోజులు దొరికి రెండూ చూసే వీలుంటే ఢిల్లీలో దిగి బికనీర్, జైసల్మేర్, జోధ్‌పూర్ వరసలో రండి, వెనక్కి తిరిగే పనుండదు. చలికాలమైతే బికనీర్‌లో తెల్లవారుజామున ఐదింటికే బండి ఎక్కండి. దారిలో ఫలోదీ పక్కన ఖీచన్ అనే ఊరుంది. మధ్య ఆసియా నుంచి వేల కుర్జా కొంగలు వచ్చి అక్కడ దిగుతాయి. ఊరివాళ్ళు కంచె వేసిన ఆవరణలో గింజలు చల్లుతారు. తొమ్మిది దాటాక వెళ్తే ఆవరణ ఖాళీ, అప్పుడు చెరువు గట్టున వెతుక్కోవాలి.